శిలారూప దైవభావన: హెబ్రూ లేఖనములందును బస్తరు మండలమందును

దైవమును శిలతో పోల్చుట, శిలనే దైవముగా కొలుచుట, శిలను పితరులకు గాని దేవతలకు గాని ఆసనముగా నిలుపుట అను మూడును మతచరిత్రమున వేర్వేరు మార్గములైనను, పైపైన చూచువారికి ఒకటిగనే తోచుచుండును. వీనిలో మొదటిదానికి హెబ్రూ లేఖనములు, అనగా యూదులు తనఖ్ అనియు క్రైస్తవులు పాతనిబంధన అనియు వ్యవహరించు గ్రంథసముదాయము, ప్రముఖమైన నిదర్శనము. తక్కిన రెండింటికిని ఇంద్రావతీ శబరీ నదుల పరీవాహమున, తెలుగుదేశపు పొలిమేరను ఆనుకొని యున్న బస్తరు మండలము నేటికిని సజీవమైన నిదర్శనము. ఈ రెండు దేశముల ఆచారములకును చారిత్రకమైన సంబంధ మేదియు లేదు. అయినను వీనిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినయెడల, హెబ్రూ కవులు శిలను దైవనామముగా ఏల గ్రహించిరో, అదే జాతి ధర్మశాస్త్రము నిలువురాళ్లను ఏల కూల్చుమనెనో, చూపునకు పరస్పరవిరుద్ధములైన ఈ రెండు విధులును ఒకే విశ్వాసమునుండి ఎట్లు వెలువడెనో తేటపడగలదు.

యూదయ శిలాభూమి

పాలస్తీనా నడిమిభాగమున ఉత్తరదక్షిణములుగా సాగిన యూదయ పర్వతపంక్తి ప్రధానముగా సున్నపురాతి కొండలతో ఏర్పడినది. అచ్చట వర్షము శీతకాలమునందే కురియును; ఆ నీరు రాతిపొరలలో ఇంకి లోయలందు ఊటలై వెలువడును, లేదా జనులు రాతిని తొలిచి కట్టుకొన్న తొట్లలో వేసవికై నిలువయుండును. తూర్పున మృతసముద్రము వైపునకు నేల అకస్మాత్తుగా దిగజారి, సముద్రమట్టమునకు 400 మీటర్లకు మించిన లోతునకు పోవుచున్నది. ఆ వాలునందలి నిట్టనిలువు చరియలును, గుహలును, గొఱ్ఱెల కాపరులకును పలాయితులకును తప్ప ఇతరులకు చొరరానివి. సౌలు రాజు తరుముచుండగా దావీదు తలదాచుకొనిన ఏన్గెదీ చరియలు ఈ ప్రాంతములోనివే. మాయోను అరణ్యమున ఒక బండకు ఈ వైపున సౌలును, ఆ వైపున దావీదును నడచుచుండగా, పట్టుబడుట నిశ్చయమైన క్షణమున ఫిలిష్తీయులు దండెత్తిరన్న వార్త వచ్చి సౌలు వెనుదిరిగెననియు, నాటినుండి ఆ బండకు ఒక ప్రత్యేకనామము నిలిచెననియు సమూయేలు మొదటి గ్రంథము 23 వ అధ్యాయము చెప్పుచున్నది. శిల యనగా అచ్చటివారికి మొదట శోభ గాదు, ఆరాధనీయవస్తువు గాదు; ఎండకు నీడ, దప్పికి నీరు, ప్రాణభయమునకు మాటు. ఈ అనుభవమే తరువాతి కవిత్వమునకు ఆధారమైనది.

ప్రయోగములు

హెబ్రూ భాషయందు ఈ భావమును తెలుపు ముఖ్యపదములు రెండు: త్సూర్, సెలా. మొదటిది పెనుబండను, రెండవది కొండచరియను ప్రధానముగా సూచించినను, కవిత్వమున రెండును తరచుగా జంటగా ప్రయోగింపబడుచుండును. త్సూర్ అను పదము దైవమును ఉద్దేశించి సుమారు 30 తావులలో కనబడుచున్నది. వానిలో అత్యంత ప్రాముఖ్యము వహించినది ద్వితీయోపదేశకాండము 32 వ అధ్యాయమందలి మోషే గీతము. ఆ గీతమున 4, 15, 18, 30, 31 వచనములలో దేవుడు శిలగా పేర్కొనబడుటయే గాక, అన్యజనుల దేవతలును వారి శిలగా పరిహాసపూర్వకముగా చెప్పబడి, ఆ శిలకును ఈ శిలకును సామ్యము లేదని శత్రువులే ఒప్పుకొనవలసిన స్థితి వర్ణింపబడినది.

రెండవ ప్రధానస్థానము 18 వ కీర్తన. ఇదియే స్వల్పభేదములతో సమూయేలు రెండవ గ్రంథము 22 వ అధ్యాయమున పునరుక్తమైనది. దావీదు శత్రువులందఱి చేతినుండి తప్పించుకొనిన సందర్భమున పాడెనని చెప్పబడిన ఈ కీర్తన ఆరంభముననే శిల, కోట, డాలు, ఎత్తైన దుర్గము మొదలగు రక్షణవాచకములను ఒకదానిపై నొకటి పేర్చినది. 28, 31, 42, 61, 62, 71, 78, 89, 92, 94, 95, 144 కీర్తనలయందును, యెషయా, హబక్కూకు ప్రవచనములందును, సంతానహీనయై దుఃఖించి పిదప సమూయేలును కనిన హన్నా స్తుతియందును ఇదే సంబోధనము వినబడును. కవిత్వమునందే గాక వ్యక్తినామములందును ఈ భావము వ్యాపించెననుటకు సంఖ్యాకాండమున పేర్కొనబడిన ఎలీసూరు, సూరీషదాయి, పెదాసూరు, సూరీయేలు అను పేళ్లు సాక్ష్యమిచ్చుచున్నవి. బిడ్డకు దేవుడు నా శిల అను అర్థమిచ్చు పేరు పెట్టుట, ఆ భావము కవుల సొత్తుగానే యుండక గృహస్థుల వాడుకలోనికి దిగినదనుటకు నిదర్శనము.

పొరుగుజాతులకు ఇట్టి ఉపమానము అపరిచితము కాదు. మెసపొటేమియా వాసులు ఎన్లిల్ దేవుని మహాపర్వతమని స్తుతించిరి. అయితే పర్వతమనగా ఔన్నత్యము, ప్రభుత్వము స్ఫురించును. హెబ్రూ కవుల శిల యందు ఆశ్రయమే ముందు స్ఫురించును.

ఉపమానమందలి భావములు

ఈ ప్రయోగముల నన్నిటిని పరిశీలించిన, నాలుగు భావములు ముఖ్యముగా తేలును. మొదటిది ఆశ్రయము. ఇది కీర్తనలలో విస్తారముగా కనబడును. ఇక్కడ శిల ఎక్కవలసిన ఎత్తు, దాగవలసిన చాటు. సీనాయి కథయందు మోషే దైవతేజస్సును చూడగోరినప్పుడు బండసందున నిలుపబడి, ఆ తేజస్సు దాటిపోవువఱకు కప్పబడెనని నిర్గమకాండము 33 వ అధ్యాయము చెప్పుట ఈ భావమునకు ఒక విలక్షణమైన రూపము. ఏలయన అక్కడ బండ మనుష్యుని శత్రువునుండి గాక దైవమహిమనుండియే కాపాడినది.

రెండవది జలదానము. హోరేబునందు మోషే కఱ్ఱతో బండను కొట్టగా నీరు వెలువడెనని నిర్గమకాండము 17 వ అధ్యాయమును, మెరీబాయందు మాటతో ఆజ్ఞాపింపవలసిన బండను రెండుమార్లు కొట్టిన కారణమున మోషే అహరోనులకు వాగ్దానభూమి ప్రవేశము నిరాకరింపబడెనని సంఖ్యాకాండము 20 వ అధ్యాయమును వర్ణించుచున్నవి. సున్నపురాతి దేశమున రాతినుండి ఊట పుట్టుట ప్రకృతిసిద్ధమే. ఎడారియందు అది జరుగుట కృపకు గుఱుతైనది.

మూడవది జన్మము. మోషే గీతము ఇశ్రాయేలీయులను కనిన శిలను వారు మఱచిరని నిందించినది. దీనికి ఎదురుగా యిర్మీయా ప్రవక్త రాతిని చూచి నీవే మమ్ము కంటివని పలుకువారిని అపహసించెను. శిలనుండి జన్మించితిమని చెప్పుట ఒకచోట భక్తి, మరియొకచోట ద్రోహము! మొదటి వాక్యమున శిల కనబడని దేవుని పేరు. రెండవ వాక్యమున శిల కనబడుచున్న రాయి. ఈ రెండింటి నడిమి ఎడమే హెబ్రూ మతమునకు ఆయువుపట్టు.

నాలుగవది స్థిరత్వము, దానితో కూడిన న్యాయము. దేవుని పనులు లోపములేనివి, ఆయన త్రోవలు న్యాయములు అను ప్రకటనమునకు శిల అను పేరు పీఠిక యగుట చేత, ఇచ్చట శిల మాట తప్పని తనమునకు సంకేతము. ఇదే శిల విరోధులకు అడ్డురాయి యగునని యెషయా 8 వ అధ్యాయమున చెప్పుటచే, ఆశ్రయమిచ్చు వస్తువే అపరాధిని తొట్రుపఱచునను భావమును పొసగినది.

నిలువురాళ్లును నిషేధమును

హెబ్రూ జాతి చరిత్రారంభమున నిలువురాయి నిషిద్ధము కాదు. యాకోబు బేతేలునందు తల క్రింద నుంచుకొనిన రాతిని తెల్లవాఱగనే నిలిపి నూనె పోసెను. యెహోషువ యొర్దాను నదిగర్భమునుండి పండ్రెండు రాళ్లు ఎత్తించి గిల్గాలునందు నిలిపెను. షెకెమునందు మరియొక పెద్దరాతిని నిలిపి అది దేవుడు జనులతో పలికిన మాటలన్నియు వినెను గావున సాక్షియగునని చెప్పెను. సమూయేలు మిస్పా చెంత విజయస్మారకముగా ఎబెనెజెరు రాతిని నిలిపెను. ఈ నిలువురాతికి హెబ్రూలో మస్సేబా యని పేరు.

తరువాతి కాలమున ద్వితీయోపదేశకాండము 16 వ అధ్యాయమును లేవీయకాండము 26 వ అధ్యాయమును మస్సేబాలను నిలుపరాదని శాసించినవి. క్రీ.పూ. 8 వ శతాబ్ది చివర హిజ్కియా రాజును, 7 వ శతాబ్ది చివర యోషీయా రాజును వానిని పగులగొట్టించిరని రాజుల గ్రంథము చెప్పుచున్నది. పురావస్తు పరిశోధనములు ఈ గ్రంథసాక్ష్యమునకు భౌతికాధారము చేకూర్చినవి. 1902 మొదలు 1909 వఱకు గెజెరునందు త్రవ్వకములు జరిపిన మెకాలిస్టరు పది ఎత్తైన నిలువురాళ్ల వరుసను వెలికితీసెను. 1955 మొదలు 1958 వఱకు హాసోరునందు త్రవ్వించిన యిగాయేల్ యాదీను ఒక చిన్న కనాను దేవాలయమున వరుసగా నిలిచిన నల్లరాతి ఫలకములను కనుగొనెను, వానిలో ఒకదానిపై చంద్రరేఖవైపునకు చాచిన రెండు చేతులు చెక్కబడియున్నవి. 1960 దశకమున యోహానాన్ అహరోనీ అరాదునందు త్రవ్వగా, యూదా రాజ్యపు దుర్గములోనే ఒక దేవాలయమును, దాని గర్భాలయమున ఒక నిలువురాయియు బయల్పడినవి. ధర్మశాస్త్రము నిషేధించిన ఆచారము ధర్మశాస్త్రము వెలసిన జాతి నడుమనే చిరకాలము నడచెననుటకు ఇది తిరుగులేని ప్రమాణము.

ఈ నిషేధము రాతిపై ద్వేషము కాదు. నిర్గమకాండము 20 వ అధ్యాయము బలిపీఠమును రాళ్లతో కట్టినయెడల చెక్కిన రాళ్లు వాడరాదనియు, పనిముట్టు తాకినచో అది అపవిత్రమగుననియు విధించినది. ఉలి తాకని రాయి శుద్ధము. మనుష్యుడు నిలిపి, రూపమిచ్చి, మ్రొక్కిన రాయి అశుద్ధము. ధర్మశాస్త్రము రాతిని గుడినుండి తొలగించుచుండగా, కవులు మనుష్యుడు నిలుపలేని ప్రకృతిశిలను దైవనామములోనికి ఎత్తుకొనిరి.

ఉత్తరకాల సంప్రదాయము

క్రీ.పూ. 3 వ శతాబ్దినుండి అలెగ్జాండ్రియాయందు జరిగిన గ్రీకు అనువాదము ఈ ఉపమానమును చాలచోట్ల తొలగించి, దేవుడనియో సహాయకుడనియో మాత్రమే చెప్పినది; విగ్రహారాధకుల నడుమ నివసించు యూదులు దేవుని రాయి యనుటకు జంకిరని పలువురు పండితులు ఊహించిరి. కాని హెబ్రూ మూలమును పఠించు సమాజములలో ఆ పేరు క్షీణింపలేదు. హనుక్కా పండుగనాడు దీపములు వెలిగించి పాడు మధ్యయుగపు గీతము మావోజ్ త్సూర్ ఈ సంబోధనముతోనే ప్రారంభమగును. 1948 మే 14 న ప్రకటింపబడిన ఇజ్రాయేలు స్వాతంత్ర్య ప్రకటనము చివర దైవనామము ఉండవలెనని మతవాదులును ఉండరాదని లౌకికవాదులును వాదింపగా, ఇజ్రాయేలు శిల అను పాతపదబంధము ఇరువురికిని అంగీకారయోగ్యమయ్యెను. క్రైస్తవుల క్రొత్తనిబంధనయందు పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో ఎడారియందు నీరిచ్చిన బండను క్రీస్తుగా వ్యాఖ్యానించెను. తెలుగు బైబిలు ఈ తావులలో పెక్కింట ఆశ్రయదుర్గమను మాటను గ్రహించుటచే, తెలుగు క్రైస్తవుల ప్రార్థనలలోను కీర్తనలలోను ఉపమానమందలి మొదటి భావమే మిక్కిలి వేళ్లూనినది.

బస్తరు మండలము

1948 లో భారతదేశమున విలీనమగువఱకు సంస్థానముగా నుండి, నేడు ఛత్తీసుగఢు రాష్ట్రమున ఏడు జిల్లాలుగా విభక్తమైన బస్తరు ప్రాచీనశిలలతో ఏర్పడిన పీఠభూమి. దక్షిణమున ఇనుపఖనిజముతో నిండిన బైలాడిల్లా పర్వతశ్రేణి, తూర్పున కాంగేరు లోయయందలి సున్నపురాతి గుహలు, ఇంద్రావతి ఒక్కసారిగా దూకు చిత్రకోట జలపాతము ఈ శిలాస్వరూపమునకు వేర్వేరు ముఖములు. గోండు శాఖలైన మారియాలు, మురియాలు, తెలుగు సరిహద్దున కోయలకు బంధువులైన దోర్లాలు, ఉత్తరమున హల్బాలు మొదలగువారు ఇచ్చటి ప్రజలు. కుంట, భోపాలపట్నము ప్రాంతములయందు తెలుగు నేటికిని సంతలలోను ఇండ్లలోను వినబడును.

రాతితో ఈ ప్రజలకు గల సంబంధము మూడు విధములుగా కనబడుచున్నది: మృతుని రాయి, దేవుని కొండ, రాజుల కోవెల.

ఉరస్కల్

ఇంద్రావతికి దక్షిణమున నివసించు దండామి మారియాలు, నృత్యమున దున్నకొమ్ముల శిరోభూషణము ధరించుటచే ఆంగ్ల గ్రంథకర్తలవలన వేఱొక పేరును పొందినవారు, చనిపోయిన పెద్దలకు నిలుపు రాతికి ఉరస్కల్ అని పేరు. 1927 మొదలు 1931 వఱకు సంస్థాన పరిపాలనము నిర్వహించిన డబ్ల్యు. వి. గ్రిగ్సను 1938 లో ప్రకటించిన మారియా గోండుల గ్రంథమునందును, వెరియర్ ఎల్విను 1947 లో ప్రకటించిన మురియాల గ్రంథమునందును, ఎల్విను ఇతర రచనలందును బస్తరు మరణసంస్కారములు విపులముగా వర్ణింపబడినవి. బంధువులు దూరమునుండి తగిన రాతిని ఎన్నుకొని, మోకులు కట్టి, బొంగులపై మోసికొని వచ్చి, బాటప్రక్కననో ఊరి వెలుపలనో నిలుపుదురు. జంతుబలియు, విందును జరుగును. కొన్నిచోట్ల చిన్నరాళ్లపై బల్లపఱుపు రాతిని మూతవలె అమర్చుటయు కలదు. కోయలలో బలియిచ్చిన ఆవుతోకను ఆ రాతికి కట్టు ఆచారమును గోదావరీ లోయ పరిశోధకులు గుర్తించిరి.

ఈ రాయి మృతుని ప్రతిమ కాదు. పనితనమేమియు లేని సహజఫలకము నందు మృతుని ఆత్మ, వారి మాటలో హనాల్, వచ్చి కూర్చుండును. నిలిపిన రాయి కాలక్రమమున పెరిగినట్లు తోచినయెడల ఆత్మ తృప్తిపొందెననియు, క్రుంగినట్లు తోచినయెడల ఏదో లోటు జరిగెననియు విశ్వసించువారు కలరు. కావున ఉరస్కల్ కేవలము స్మారకము కాదు, బ్రదికినవారికిని చనిపోయినవారికిని నడుమ నడచుచున్న లెక్క. దంతెవాడకు సమీపమున గల గామావాడ స్మారకశిలలును, దిల్‌మిలి స్మారకస్తంభములును పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. గడచిన శతాబ్దమున రాతికి బదులు చెక్కిన కొయ్యస్తంభములును, తరువాత చదును చేసిన రాతిపై పక్షులను, మృగములను, మృతునికి ప్రియమైన వస్తువులను రంగులతో చిత్రించిన ఫలకములును, కడపట సిమెంటు కట్టడములును వాడుకలోనికి వచ్చినవి.

గోదావరికి ఈవలి తెలుగునేలయందు, ములుగు అరణ్యమున దామరవాయి ప్రాంతపు రాక్షసగుళ్లును, ఆ పరిసరములలోనే శిలువ ఆకారమున మలచిన నిలువురాళ్లును బృహచ్ఛిలాయుగ సంస్కృతికి సంబంధించినవి. వానిని కట్టినవారికిని నేటి మారియాలకును వంశానుబంధము కలదని చెప్పుట సాహసము. రాతిని మృతునకిచ్చు ఆచారము ఈ నదీపరీవాహమున ఎంత పాతదో చూపుటకు మాత్రము అవి చాలును.

కొండయే దైవము

గోండుల పుట్టుకకథ యందు రాయి ద్వారబంధము. తొలి గోండుదేవతలు ఒక గుహలో బంధింపబడి, దాని ముఖమున పెనుబండ అడ్డుపెట్టబడి యుండగా, లింగో యను సంస్కృతీవీరుడు వారిని విడిపించి గోత్రములుగా విభజించెనని ఆ కథ చెప్పును. స్టీఫెను హిస్లాపు సేకరించిన ఈ కథ ఆయన మరణానంతరము 1866 లో ప్రకటింపబడినది. మహారాష్ట్రమున గోందియా జిల్లాయందలి కచార్‌గఢ్ గుహయే ఆ స్థలమని విశ్వసించి గోండులు నేటికిని ఏటేట యాత్రకు పోవుచుందురు.

బస్తరునందు కొండయే దైవమను భావము బైలాడిల్లాయందు సుస్పష్టము. ఆ శ్రేణిలో ఒక కొండ నందరాజు అను దేవుని నెలవనియు, పిటోడ్ రాణి ఆయన భార్య యనియు పరిసరగ్రామముల ఆదివాసుల విశ్వాసము. 1968 నుండి ఆ శ్రేణియందు ఇనుపఖనిజము త్రవ్వబడుచున్నది. 13 వ నిక్షేపమని లెక్కింపబడిన ఈ కొండను త్రవ్వుటకు యత్నము జరుగగా, 2019 జూనునందు వేలకొలది జనులు కిరందుల్‌నందు గని కార్యాలయము ఎదుట బైఠాయించి, తమ దేవుని కొండను ముట్టరాదని పట్టుబట్టిరి. రాష్ట్రప్రభుత్వము పనిని నిలిపి విచారణకు ఆదేశించినది. ఖనిజశాస్త్రజ్ఞునకు నిక్షేపముగా తోచునది, ఆ జనులకు కేవలము దేవుని నివాసము గాదు, దేవుని శరీరమే. వేఱొక కొండను బదులుగా చూపి నష్టము పూరించుట అచ్చట అర్థములేని మాట.

రాజుల కోవెల

మూడవ రీతియందు శిల చెక్కబడి మూర్తియగును. 11 వ శతాబ్దిలో బస్తరు నేలిన నాగవంశీయులకు బారసూరు ప్రధాననగరము. శకము 983, అనగా క్రీ.శ. 1060 నాటి బారసూరు తెలుగు శాసనము, నాగరాజు జగదేకభూషణుని సామంతుడైన తెలుగుచోడ చంద్రాదిత్యుడు అచ్చట శివాలయము కట్టించెనని తెలుపుచున్నది. శకము 1033 నాటి నారాయణపాల శాసనము రాణి గుండమహాదేవి విష్ణ్వాలయమునకిచ్చిన దానమును చెప్పును. బైలాడిల్లా శిఖరములలో నొకటైన ఢోల్‌కల్‌పై సుమారు మూడడుగుల ఎత్తుగల గణేశమూర్తి ఆ కాలమునకే చెందినదని పండితుల తలంపు. 2017 జనవరిలో అది క్రింద పడి ముక్కలై, పిదప అతికి యథాస్థానమున నిలుపబడినది.

ఓరుగల్లు 1323 లో పతనమైన పిమ్మట కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడుగా చెప్పబడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని సంస్థానపు సంప్రదాయము; దంతెవాడయందలి 1703 నాటి దిక్పాలదేవుని శాసనము ఈ కాకతీయ వంశానుక్రమమును పేర్కొనినది. ఐతిహ్యము ప్రకారము కులదేవత రాజు వెంట నడచివచ్చుచుండగా, అందెల సవ్వడి వినబడినంతకాలము వెనుదిరిగి చూడరాదని నియమము. నదియొడ్డున అందెలు ఇసుకలో కూరుకొని సవ్వడి ఆగగా రాజు వెనుదిరిగెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. శంఖిని డంకిని నదుల సంగమమున దంతేశ్వరీదేవి నల్లరాతి మహిషమర్దినీ రూపమున నేటికిని పూజలందుకొనుచున్నది.

తారతమ్యము

యూదయకును బస్తరునకును మొదటి సామ్యము ఉలి తాకని రాతిపై గౌరవము. నిర్గమకాండపు బలిపీఠమును, మారియాల పాత ఉరస్కల్‌ను మనుష్యుని పనితనమును దూరముగా నుంచినవి. రెండవ సామ్యము సాక్ష్యము. షెకెమునందలి రాయి మాటలను వినెను; ఉరస్కల్ కుటుంబపు నడవడిని గమనించుచుండును. అయితే గిల్గాలు రాళ్లు ఒక కార్యమును జ్ఞప్తికి తెచ్చును, వానిని చూచి పిల్లలు ప్రశ్నింపగా తండ్రులు కథ చెప్పవలెనని విధి. ఉరస్కల్ ఒక వ్యక్తికే చోటిచ్చును, దానియెదుట కథ చెప్పుటకంటె పెట్టవలసిన వంతు పెట్టుట ముఖ్యము.

ముఖ్యమైన భేదము శిల నిలకడయందున్నది. బైలాడిల్లా దేవుడు ఆ కొండను విడిచిపోలేడు. ఓరుగల్లు దేవి నడువగలిగినను, ఒకచోట ఆగి రాయియైనపిమ్మట ఆ చోటే ఆమెకు పుణ్యక్షేత్రమైనది. హెబ్రూ కవుల శిల కొక చోటనునది లేదు. అది మాటయందున్నది గావున మాట పలుకువారి వెంట పోగలిగెను. క్రీ.పూ. 586 లో బాబిలోనీయులు యెరూషలేము దేవాలయమును దహించి ప్రజలను చెఱగొనిపోయినప్పుడు ఈ భేదము పరీక్షకు నిలిచినది. రాతిబండ యొకటియు కనబడని ఆ ఒండ్రునేలయందలి చెఱవారిని ఉద్దేశించినదని పండితులు తలంచు యెషయా ఉత్తరభాగము, దేవుడు తప్ప వేఱొక శిల లేదని 44 వ అధ్యాయమున ప్రకటించి, 51 వ అధ్యాయమున తాము చెక్కబడిన బండవైపు, అనగా అబ్రాహాము శారాలవైపు చూడుమని హెచ్చరించెను. నిలువురాళ్లను ముందుగనే కోల్పోయిన జాతి, దేశమును కోల్పోయిన దినమున శిలను కోల్పోలేదు. నిషేధమును స్తుతియు ఒకే విశ్వాసమునకు చెందినవనుటకు చెఱకాలము ఇచ్చిన ఋజువు ఇదియే.

అట్లని మాటయందలి శిల ఉత్తమమనియు, నేలయందలి శిల అధమమనియు నిర్ణయించుట తగదు. మాట ఎచ్చటికైనను పోగలదు గాని, అది ఏ కొండను కాపాడదు. కీర్తనలు పాడిన ప్రజలు తమ కొండలను ఏ నియమమునకును కట్టుబడక త్రవ్వుకొనవచ్చును. కొండయే దేవుడని నమ్మినవారికి ఆ నమ్మకము నడచివచ్చు శక్తిని ఈయదు, కాని ఆ కొండయెడల, దానిపైని అడవియెడల, దాని పాదమున పుట్టు వాగుయెడల తప్పించుకొనరాని బాధ్యతను మోపును. 19 వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి డుమ్ముగూడెమునందు కోయల నడుమను, ఆ శతాబ్ది చివరినుండి జగదల్‌పూరునందును క్రైస్తవ మిషనులు పనిచేయుచుండుటచే, ఈ రెండు సంప్రదాయములును నేడు ఒకే సీమయందు వినబడుచున్నవి. వీనిని పరిశీలింపబూనిన విద్యార్థి, శిల అను మాట వినబడినప్పుడెల్ల అది దైవమునకు పేరుగా చెప్పబడినదో, శరీరముగా చెప్పబడినదో, ఆసనముగా చెప్పబడినదో మొట్టమొదట నిర్ధారించుకొనవలయును.